మూడడుగులు, కాదంటే మూడు మైళ్ళు

పొగమ్మ ఇంట్లో ఏ కాలం నడుస్తోందో తెలుసుకోవాలంటే కేలండరు అక్కర్లేదు. వంటింటి కిటికీ గట్టు మీది పళ్ళెం చూస్తే చాలు.

ఆ పళ్ళెం సంగతి ముందు చెప్పాలి. తేనెపెట్టె గుమ్మానికి సన్న కంతల జాలీ ఒకటి బిగిస్తారు. పూల మీద తిరిగి వెనక్కాళ్ళకి పుప్పొడి ముద్దలు అంటించుకొచ్చిన ఈగ (వాళ్ళింట ఈగ అంటే తేనెటీగే, వేరే ఈగల్ని లెక్కలోకి తీసుకోరు) ఆ కంతలోంచి ఒళ్ళు ముడుచుకుని దూరుతుంటే ముద్ద ఊడి కింది పళ్ళెంలో పడుతుంది. అదంతా వాటి పిల్లల తిండి కాబట్టి రోజంతా దోచుకోరు. పొద్దున కాసేపు పెట్టి తీసేస్తారు. ఆ కాసేపట్లో పడిన ఆవగింజలంత ముద్దల్లో నిండు వేసవిలో ఎన్ని రంగులు! పసుపు, నారింజ, ఇటుక ఎరుపు, మీగడ తెలుపు, బూడిద, పాచి ఆకుపచ్చ. రంగుకో మొక్క. పళ్ళెంలోకి చూసి, చుట్టుపక్కల ఏమేం పూశాయో ఇంట్లో కూర్చునే చెప్పేయొచ్చు.

చెప్పేది మాత్రం పొగమ్మ కాదు, ఆవిడ మొగుడు. పొద్దస్తమానం పెట్టెల మధ్య తిరుగుతాడని ఆయన్ని వీధిలో అందరూ పెట్టెలాయన అంటారు. ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా ఎప్పుడూ చేతిలో ఉంటుందని ఆవిణ్ణి పొగమ్మ అంటారు. రేషను కార్డులో ఇద్దరికీ వేరే పేర్లున్నాయి గానీ ఎవరికీ గుర్తులేవు. పెళ్ళయిన కొత్తల్లో పెట్టెలాయన పళ్ళెం తెచ్చి పొగమ్మ ముందు పెట్టి, పుల్లతో ముద్దల్ని విడదీస్తూ, ఇది ఫలానా, ఇది వాగు అవతలి గట్టున మాత్రమే ఉండేది, ఇది నిన్నటిదాకా లేదు, అంటూ గంటసేపు చెప్పేవాడట. పక్కింటావిడకి ఆయన నగలు తెచ్చి చూపిస్తున్నాడేమోనని అనుమానం వచ్చి గోడ మీంచి తొంగిచూసిందట కూడా.

వాళ్ళ ఊరు గడ్డినేల మధ్యలో ఉంది. చలికాలం మంచు, వేసవిలో నడుములోతు గడ్డి. బస్సు కిటికీలోంచి చూసేవాడికి అదంతా ఒకే మొక్క, దేవుడు బద్ధకించి ఒకే విత్తు చల్లి వెళ్ళిపోయినట్టు. దిగి మోకాళ్ళ మీద కూర్చుంటే అసలు సంగతి బయటపడుతుంది. ఒక చాప పరిచినంత మేరలో గడ్డి నాలుగైదు రకాలే అయినా, దాని కాళ్ళ సందున పూలమొక్కలు పాతిక దాకా లేస్తాయి. గడ్డికి గాలే పెళ్ళిపెద్ద, ఈగలతో దానికి పెద్దగా పనిలేదు. ఈగలకు కావలసింది ఆ కాళ్ళ సందునున్న చిల్లరజనం. చిత్రమేమిటంటే, గడ్డి మరీ ఏపుగా ఉన్న తడినేలలో ఈ చిల్లరజనం తక్కువ. పొడుగువాళ్ళు వెలుగంతా తామే తాగేసి పొట్టివాళ్ళని చీకట్లో కూర్చోబెడతారు. కాస్త పొడినేల అయితే అందరికీ చోటు. మనుషులుండే ఊళ్ళకీ ఇది వర్తిస్తుందేమో చూసుకోవచ్చు గానీ, ప్రస్తుతం కథ పెట్టెలాయనది.

పోయిన ఆకురాలు కాలంలో లారీ మీంచి పెట్టె దించుతూ ఆయన కాలు జారింది. పెట్టెను వదిలేసుంటే తాను నిలదొక్కుకునేవాడే. వదల్లేదు. పెట్టె క్షేమం, తుంటి విరిగింది. ఎముకల డాక్టరు ఇనప చీల వేసి అతికించి, "కర్ర పట్టుకుని బ్రహ్మాండంగా నడుస్తారు. బరువులెత్తడం మాత్రం ఇక మరిచిపోండి" అన్నాడు.

పెట్టెలాయనకి మొదటి వాక్యం వినపడలేదు, రెండోది వినపడింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెట్టె మూత తీస్తూ ఈగలతో, మూసేస్తూ మూతతో, ఎవరూ లేకపోతే తన చెప్పులతో మాట్లాడే మనిషి. నోటికి తాళం లేదని అత్తగారే మురిపెంగా తిట్టేది. అలాంటివాడు నోరు మూసేశాడు. అన్నం పెడితే తింటాడు, మందు వేస్తే మింగుతాడు, అడిగితే తల ఊపుతాడు. కర్ర తలుపు వెనకాల తెచ్చినట్టే ఉంది. డాక్టరు మళ్ళీ వచ్చి నాలుక చూశాడు, గొంతు చూశాడు. "మాటకేం కాలేదమ్మా, ఉంది. ఆయనకే మాట్లాడబుద్ధి కావట్లేదు" అని చెప్పి, ఇలాంటిదానికి తన దగ్గర చీల లేదన్నట్టు చేతులు తుడుచుకున్నాడు.

చలికాలమంతా అలాగే గడిచింది. మంచు కరగడం మొదలవగానే లారీ మరిది వచ్చాడు. పెట్టెలాయనకి తోడబుట్టిన తమ్ముడు. ఏటా ఈ వేళకి పెట్టెలన్నీ తన లారీకెక్కించి ఎడారి అంచుకి చేరుస్తాడు. గడ్డినేల ఇంకా కళ్ళు తెరవకముందే అక్కడ చలికాలపు వానకి పూలు లేస్తాయి. అక్కడి పూలు మాడిపోయేలోపు మజిలీ మజిలీగా వెనక్కొస్తే, పచ్చదనం కూడా వాళ్ళతోపాటే ఇంటికొస్తుంది. తరాలుగా అదే వాళ్ళ దారి.

ఈసారి మరిది అరుగు మీద కూర్చుని టీ గ్లాసు తిప్పుతూ నసిగాడు.

"వదినా, నా మాట విను. పెట్టెలు మా ఊరు తీసుకుపోతాను. మా బావమరుదులిద్దరూ ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటున్నారు. వాళ్ళు చూసుకుంటారు."

"గోళ్ళే గిల్లుకోనీ నాయనా. ఈగల్ని గిల్లితే అవి ఊరుకోవు."

"వేళాకోళం కాదు. నువ్వొక్కదానివి ఎలా మోస్తావ్?"

"నేనెందుకు మోస్తాను, నువ్వు లేవూ?"

"ఏటానా?"

ఆవిడ లోపలి గది వైపు చూసింది. పెట్టెలు పోతే పోనీ అనుకోవడానికి తను సిద్ధమే. కానీ పెరట్లో ఆ రొద కూడా ఆగిపోతే, గోడవైపున్న ఆ మొహాన్ని ఇటు తిప్పడానికి ఇక లోకంలో ఏదీ మిగలదు. ఆవిడ భయమంతా అదే. గొంతు తగ్గించి ఆ మాటే చెప్పింది. మరిది గ్లాసు కింద పెట్టాడు.

"సరే. ఈ ఒక్కసారికి వెళ్దాం. తిరిగొచ్చేలోపు అన్నయ్య నోరు తెరిచి పెట్టెలు మన దగ్గరే ఉంచమన్నాడా, చచ్చినట్టు ఏటా నేనే మోస్తాను. అనలేదా, దారిలో మా ఊరి మలుపు దగ్గర దించేస్తాను. ఆ తర్వాత నన్ను బతిమాలకూడదు."

"అయితే ఆయన్నీ తీసుకెళ్దాం."

"లారీలోనా? ఆ తుంటితోనా?"

"నీ సీటు వెనకాల పరుపు వేస్తాను. మెల్లిగా పోనీ. నీకెలాగూ గేరు మార్చడం సరిగ్గా రాదని మీ అన్నయ్య అనేవారుగా."

లోపల గదిలో పెట్టెలాయన గోడవైపే తిరిగి ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నారు ఇద్దరూ.

ఈగలన్నీ గూడు చేరిన సాయంత్రం గుమ్మాలు మూసి బయల్దేరారు. ఎండ ముదిరితే ఆగడం, చల్లబడితే కదలడం. తొలి మజిలీ దాకా కిందటేటి గడ్డి, ఎండి పడి ఉన్నా నేల కనపడనంత దట్టం. అక్కణ్ణుంచి గడ్డి మోకాలికి, తర్వాత మడమకి దిగింది. ఇంకాస్త పోయాక పరుపులా ఉన్నది కుచ్చులు కుచ్చులుగా విడిపోయి, కుచ్చుకీ కుచ్చుకీ మధ్య మట్టి కనపడసాగింది. ఆ మట్టిలో బూడిదరంగు ఆకుల పొదలు, నలిపితే మందుల షాపు వాసన వేసేవి. తర్వాత పొదలు కూడా ఒకదానికొకటి మొహం చాటేసినట్టు దూరం దూరంగా. నీళ్ళు కరువైన చోట పక్కవాడి వేరు కూడా పోటీయే మరి.

"మీ ఊళ్ళో ఇళ్ళలా ఉన్నాయి" అంది పొగమ్మ. "కేకేస్తే గానీ వినపడదు."

"మాది పద్ధతైన ఊరు వదినా. ఒకళ్ళ గొడవ ఇంకొకళ్ళకి పట్టదు" అన్నాడు మరిది. అద్దంలోంచి వెనక్కి చూశాడు. అన్నయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఎడారి అంచున పెట్రోలు పంపు ఒకటి, దాని వెనక కూలిన గోడ, గోడకి పాతిక గజాల దూరంలో ఒకే ఒక ముళ్ళచెట్టు. ఏటా ఆ చెట్టు నీడనే పెట్టెలు దించుతారు. వాన బాగానే పడినట్టుంది, నేల మీద పసుపు పల్చగా అద్దినట్టు పూసింది. పంపు నడిపే ఆయన, నాలుక కదిపే అవకాశం ఏడాదికోసారి దొరికేవాడు, పరిగెత్తుకొచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఈసారి కబుర్లేం తెచ్చారు?"

పెట్టెలాయన తల ఊపాడు. పంపు ఆయన పొగమ్మ వైపు చూసి, పెట్టెలు దించడానికి ఓ చెయ్యి వేశాడు.

గోడ పక్కన గుడారం వేసి, ఇంటినుంచి లారీలో తెచ్చిన మంచం అందులో పెట్టారు. పొద్దున్నే పొగమ్మ పళ్ళెం తెచ్చి ఆయన మొహం ముందు పెట్టేది. "చూడండి, పసుపూ, తెలుపూ. రెండంటే రెండే రంగులు. ఎడారి మరీ పిసినారి సుమండీ" అనేది. ఒకప్పుడైతే ఆ మాటకి ఆయన గంటసేపు వాదించేవాడు. ఇప్పుడు పళ్ళెం వైపు చూసి, గుడారం గుడ్డ వైపు తిరిగిపోయేవాడు. ఇంట్లో గోడ, ఇక్కడ గుడ్డ.

వారం తిరిగేసరికి ఎండ చుర్రుమంది. గుడారం లోపల పొయ్యి మీద మూకుడులా ఉంది. ఆయన నుదుటి మీద చెమట చూసి పొగమ్మ ప్రాణం ఉసూరుమంది. చల్లటి నీడ ఉన్నది చెట్టు కింద ఒక్కచోటే, అక్కడేమో పెట్టెలు. మరిది నీళ్ళ పీపాలు నింపుకు రావడానికి లారీ వేసుకుని వెళ్ళాడు. ఆవిడ కాసేపు అటూ ఇటూ చూసి, పంపు ఆయన్ని పిలిచి, పీపాలు తోసే రెండు చక్రాల బండి తెప్పించింది. ఇద్దరూ కలిసి పెట్టెల్ని ఒక్కొక్కటే గోడ పక్కకి చేర్చారు. తర్వాత మంచం మోసుకొచ్చి చెట్టు కింద వేసి, ఆయన్ని దాని మీదికి చేర్చారు. దుప్పటి సర్దింది, తల కింద దిండు ఎత్తు చేసింది, చెంబులో నీళ్ళు దగ్గర పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని నీడ కింద ఊపిరి పీల్చాడు. అది చూసి ఆవిడకి ఏనుగెక్కినంత సంబరమైంది.

పెట్టెలు పట్టేవాళ్ళు ఈగల్ని ముట్టుకోకముందే నేర్చుకునే పాఠం ఒకటుంది. పెట్టెను జరిపితే మూడడుగులు జరపాలి, కాదంటే మూడు మైళ్ళు జరపాలి. మధ్యలో పనికిరాదు. ఈగ గుర్తుపెట్టుకునేది పెట్టెను కాదు, పెట్టె ఉన్న చోటును. మూడడుగులైతే తడుముకుని కనుక్కుంటుంది. మూడు మైళ్ళైతే ఊరే కొత్తది కాబట్టి బుద్ధిగా కొత్త దారి నేర్చుకుంటుంది. ఈ మధ్యలో ఎంత జరిపినా తిన్నగా పాతచోటికే వచ్చి, ఇల్లేదీ అని గాల్లో నిలబడిపోతుంది. పొగమ్మ ఈ పాఠం చెప్పి ఎంతమంది కుర్రకారుకి మొట్టికాయలు వేసిందో! ఆ పూట మాత్రం ఆవిడ బుర్రలో మొగుడి నుదుటి మీది చెమట తప్ప ఇంకేమీ లేదు. పెట్టెలు జరిపే వేళకి వాటి ఈగల్లో పెద్దవన్నీ పూల మీద ఉన్నాయి.

మొదట పదో పరకో వచ్చాయి. చెట్టు కింద గిర్రున తిరిగాయి. వెనకాలే మరికొన్ని. తర్వాత మబ్బు పట్టినట్టు వచ్చాయి. ఇల్లుండాల్సిన చోట మంచం ఉంది. చేసేదేముంది, మంచం మీదే దిగాయి. మంచం కోళ్ళ మీద, దుప్పటి మీద, ఆయన చేతుల మీద, గడ్డం మీద.

గోడ దగ్గర పొగడబ్బాలో పిడక ముక్క వేస్తున్న పొగమ్మ రొద విని ఇటు తిరిగింది. డబ్బా ఊదుకుంటూ, కొంగు తొక్కుకుంటూ పరిగెత్తింది.

"కదలకండి! కదలకండి! వచ్చేశా!"

"పొగ పెట్టావంటే ఊరుకోను!"

ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. మంచం మీది గొంతు జీరబోయింది, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టుంది. కానీ ఆ గొంతే.

"పాపం, బరువుతో వచ్చి ఇల్లు కనపడక కూర్చున్నాయి. వాటికి పొగేంటే? బుద్ధుందా? మూడడుగులు, కాదంటే మూడు మైళ్ళు! ఎన్నేళ్ళుగా చెప్తున్నాను? పాతిక గజాలు జరుపుతావా? తల నెరిసింది గానీ..."

పొగమ్మ డబ్బా కింద పెట్టేసింది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆవిడకే తెలియలేదు. "మీకు ఎండ తగులుతోందని..." అంది.

"తగిలితే తగిలింది, అదేమైనా కొత్తా? వెళ్ళి ఖాళీ పెట్టె ఒకటి తెచ్చి ఈ మంచం పక్కన పెట్టు. సాయంత్రానికి ఇవన్నీ అందులో దూరతాయి. చీకటి పడే ముందు అన్నింటినీ మళ్ళీ ఇక్కడికే చేర్చాలి. ఏయ్, ఆగు. ఇలా రా. మెల్లిగా."

ఆవిడ మెల్లిగా వచ్చింది. ఆయన కుడిచెయ్యి కదపకుండా, కళ్ళతో చూపించాడు. బొటనవేలి కణుపు మీద చిన్న ఈగ. దాని వెనక్కాళ్ళకి గసగసాలంత ముద్దలు, నీలంగా.

"ఏవన్నావ్, ఎడారి పిసినారా? రెండే రంగులా? ఇదేంటి మరి? అదిగో, దిండు మీద ఊదా. నా మోకాలి మీద చూడు, ఎరుపు. ఇటు ఇది... ఇది నా చిన్నప్పుడు మా నాన్నతో వచ్చినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే. ఇక్కడి పువ్వు గోటి మీద మచ్చంత ఉంటుంది. దాని ముద్ద ఎంతుంటుంది? జాలీ కంతలోంచి ఊడకుండానే లోపలికి పోతుంది. ఇంటి జాలీ తెచ్చి ఇక్కడ బిగిస్తే ఇంతే. పెద్ద ముద్దలే పళ్ళెంలో పడతాయి."

నిజమే. గడ్డినేల మొక్కలు ఏడాదంతా వేళ్ళ రూపంలో నేలలో ఉంటాయి కాబట్టి, వెతికితే దొరుకుతాయి. ఎడారి మొక్కల్లో సగానికి పైగా గింజ రూపంలోనే కాలం గడుపుతాయి. ఓ మోస్తరు జల్లుకి మోసపోవు. నేల లోపలిదాకా తడిసిన ఏడే లేస్తాయి, గబగబా పూసి, గింజ రాల్చి, మళ్ళీ ముసుగుతన్ని పడుకుంటాయి. ఏ ఏడు ఏ రకం లేస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఎక్కడా ఏమీ లేదనుకునే చోట, ఉన్నదంతా చిన్నదిగా, దాక్కుని ఉంటుంది. గడ్డినేలతో పోలిస్తే రకాలు తక్కువే, కాదనలేం. కానీ రెండు రంగులు మాత్రం కాదు.

మరిది లారీ దిగేసరికి అన్న కేకలు పంపు దాకా వినపడుతున్నాయి. పీపా అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది వదినా?"

"మీ అన్నయ్య మాట్లాడుతున్నారు."

"ఏమంటున్నాడు?"

"తిడుతున్నారు."

మరిది అక్కడే బండి మీద కూలబడి మొహం తుడుచుకున్నాడు. "నన్ను కూడా ఒకటి తిట్టమను వదినా" అన్నాడు.

"నిన్ను తిట్టడానికి అడగాలట్రా?" అన్నాడు పెట్టెలాయన. "ఆ తెల్ల పెట్టె మూత వంకరగా ఉంది. లారీలో వచ్చేటప్పుడు ప్రతి గుంతలోనూ దింపావ్. నా తుంటికి తెలుసు, పెట్టెకి తెలుసు, నీకే తెలియలేదు."

ఆయన్ని రెండు చోట్ల ఈగలు కుట్టాయి. వాచిన చోటు తడుముకుంటూ, పోగొట్టుకున్నదేదో దొరికినట్టు సాయంత్రం దాకా అందరికీ చూపించాడు. మర్నాడు పంపు ఆయనకి ఏడాదికి సరిపడా కబుర్లు దొరికాయి. ఆ మర్నాడు పెట్టెలాయన కర్ర అడిగాడు. కర్ర ఇంటి దగ్గర తలుపు వెనకే ఉండిపోయింది. ముళ్ళచెట్టు కొమ్మ ఒకటి కొట్టి ముళ్ళు చెక్కిచ్చాడు మరిది.

తిరుగుదారిలో మధ్య మజిలీ దగ్గర, గడ్డి కుచ్చులూ బూడిద పొదలూ కలగలిసి ఉండే చోట ఆగారు. అక్కడి పళ్ళెం చూసి పొగమ్మే ఆశ్చర్యపోయింది. ఇటు గడ్డినేలవి కొన్ని, అటు ఎడారివి కొన్ని, రెండువైపుల చుట్టాలూ ఒకే ఇంట్లో దిగినట్టు. ఆయన కర్ర మీద వంగి పుల్లతో ముద్దలు విడదీశాడు. మరిది పక్కన నిలబడి ఆవలించాడు, అయినా విన్నాడు.

ఆ తర్వాత మరిది ఊరి మలుపొచ్చింది. అతను లారీ నెమ్మది చేసి, రోడ్డు పక్కకి తీసి ఆపాడు. పొగమ్మ వెనక్కి తిరిగి పరుపు వైపు చూసింది. ఇన్ని రోజులు ఆయన ఎన్ని మాట్లాడినా, పెట్టెలు ఉంచమనే ఆ ఒక్క మాటా అనలేదు. ఆవిడా అడగలేదు.

"అన్నయ్యా, మా ఊరి మలుపు. పెట్టెలు దించేదా?"

పెట్టెలాయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు, బరువులెత్తని చేతులు.

"నీ బావమరుదులు గోళ్ళు గిల్లుకుంటున్నారన్నావుగా" అన్నాడు చివరికి. "పనిలో ఉన్నవాళ్ళని ఎందుకురా చెడగొట్టడం. పోనీ."

మరిది వదిన వైపు చూశాడు, వదిన మరిది వైపు చూసింది. ఆ రోజు లోపల గదిలో నిద్రపోతున్నాడనుకున్న మనిషి ఒక్క ముక్క కూడా వదలకుండా విన్నాడన్నమాట. లారీ కదిలింది. గేరు కరకరమంది. వెనకనుంచి తిట్టు వినపడింది.

ఇల్లు చేరేసరికి పెరట్లో మంచు ఆనవాలు లేదు. గోడ వారగా లేత గడ్డి మొలిచింది. మరిది మంచం లోపలికి మోసుకొచ్చి, ఎప్పటి చోట గోడకి ఆనించి వేయబోయాడు.

"అక్కడొద్దురా" అన్నాడు పెట్టెలాయన గుమ్మంలో కర్ర మీద నిలబడి. "కిటికీ దగ్గర వెయ్యి. పెరడు కనపడుతుంది."

మరిది మంచం పట్టుకుని ఆగాడు. "వదినా, జరపొచ్చంటావా? నీకు అనుభవం ఉందిగా."

పొగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకీ కిటికీకీ మధ్య దూరం చూసింది.

"మూడడుగులే ఉంటుంది" అంది. "ఫర్వాలేదు, జరుపు."